సరిపడా చిల్లర

సఖినేటిపల్లి రేవులో ఏడున్నర పంటు.
మోటారుసైకిళ్ళు, రొయ్యల మేత బస్తాలు,
హాల్ టికెట్టు నోట కరుచుకుని జడ బిగించుకునే పిల్ల,
సంచీ నిండా లేసుతో నేను.

టిక్కెట్లు చింపే బాబ్జీ
తల వంచుకునే వస్తాడు మనిషి మనిషి దగ్గరికీ.
"ప... ప... పదండి" అంటాడు.
పది అన్నాడో, జరగమన్నాడో తెలీక
కొత్తవాళ్ళు నవ్వుతారు.

రాత్రి పదకొండుకి ఇతనే రుద్రనేత్రుడు.
ఆయ్, ఇతనే.
నాలుగు వేలమంది కాసుక్కూర్చుంటారు ఫోన్లు పట్టుకుని.
ఇసక లారీల దగ్గర్నుంచి కాలవ కాంట్రాక్టరు దాకా
ఒక్కణ్ణీ వదలడు,
పులి బొమ్మ వెనక నిలబడి
పేరాలకి పేరాలు ఉతికి ఆరేస్తాడు.

నాకెలా తెలిసిందంటే,
కోసుకుపోయిన ఏటిగట్టు వీడియో పెట్టాడొకసారి.
మాట లేదు అందులో.
చివర్న పంటు కూత,
తెర అంచున టిక్కెట్ల కట్ట మీద
గోరు చితికిన బొటనవేలు.
ఆ వేలు నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు.

నవ్వొచ్చింది.
పగలు పిల్లి, రాత్రి పులి అనుకుని
గొలుసుకుట్టు వేస్తూ వేస్తూ మళ్ళీ నవ్వాను.
తరవాత సూది ఆగింది.
ఆ రాతల్లో ఏ అక్షరమూ రెండుసార్లు తడబడదు.
"ప" ఒక్కసారే "ప".
ముప్పై ఏళ్ళు నోట్లో నానిన మాటలన్నీ
అక్కడ, ఆ వెలుతుర్లో,
బురదలో దిగబడకుండా రేవు దాటుతున్నాయి.
మరి ఏది వేషం?

ఇక నా సంగతి.
రేషన్ కార్డులో ఓలేటి సత్తెమ్మని.
ఫోన్లో నీలిమంజరిని.
అక్కడ నాకో బాల్కనీ ఉంది,
కుండీల్లో చామంతులున్నాయి, కాఫీ చల్లారదు.
ఇక్కడ రేకుల ఇల్లు, గుమ్మంలో నీళ్ళ డ్రమ్ము.
"ఇవాళ బాల్కనీలో గాలి ఎంత బాగుందో" అని రాసిన పూట
ఈ పంటు కమ్మీ పట్టుకునే ఉన్నాను.
బాల్కనీ అబద్ధం.
గాలి కాదు.

లేసులో పువ్వు కనపడేది
దారం వదిలేసిన చోట.
ఏజెంటు తూచేది మాత్రం దారాన్నే.

ఓ రాత్రి రుద్రనేత్రుడు నా మీద పడ్డాడు.
"బాల్కనీవాళ్ళకేం తెలుసు ఏటిగట్టు బాధ" అని
ఉతికేశాడు నన్ను, అందరి ముందూ.
వరద నీళ్ళు మంచం కోళ్ళెక్కిన రాత్రులు
ఎన్ని చెప్పొచ్చో నేను!
చెబితే బాల్కనీ కూలిపోతుంది.
దీపం ఆర్పేసి ఏడ్చాను.
తెల్లారి అతని చేతిలోనే పది పెట్టాను.
"మం... మంచిదండి" అన్నాడు.

ఇవాళ సంచీ జిప్పు తెగింది.
నీలి దారంతో అల్లిన దుప్పటి అంచు
బయటికి తొంగి చూసింది.
పదమూడు రేకుల పువ్వు.
పన్నెండే ఉండాలి, మా అమ్మ లెక్క తప్పి నేర్పింది,
ఈ ఏటికి రెండు గట్లమీదా ఎవరూ అల్లరు దాన్ని.
నీలిమంజరికి మొహం ఆ పువ్వే.

బాబ్జీ చూశాడు.
పువ్వుని. పిన్నీసు పెట్టిన నా చెప్పుని.
చాలాసేపటికి నన్ను.
టిక్కెట్టు సగం చిరిగి ఆగింది.

ఏరు పోటు మీదుంది.
నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయి,
సముద్రం ఉప్పుని ఊరివైపు మోసుకుంటూ.

"బా... బా..." అన్నాడు.
బాల్కనీ అనబోయాడో,
బావున్నారా అనబోయాడో.

అందరూ అతని మాట పూర్తి చేసేస్తారు,
సాయమనుకుని.
నేను చెయ్యలేదు.

వెనక మోటారుసైకిలువాడు హారన్ కొడుతున్నాడు.
పంటు నర్సాపురం గట్టుకి తగిలింది,
గొలుసు దించారు,
హాల్ టికెట్టు పిల్ల పరిగెత్తింది.
నేనింకా నిలబడే ఉన్నాను,
చేతిలో సరిపడా చిల్లరతో.